సముద్రం పైన, ఊరు కింద: ఒక గోడ బొంత కుట్టిన అనుభవం

మా బరంపురంలో బొంత కుడుతున్నానంటే, పాత చీరలు మడతలేసి చలికాలానికి కప్పుకునేది అనుకుంటారు. నేను కుట్టింది గోడకి వేలాడదీసే బొంత. వెడల్పు 60 అంగుళాలు, ఎత్తు 48. అందులో పొదంపేట ఉంది. మన ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఉన్న జాలర్ల ఊరది. అక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. సముద్రం కోతకి ఇళ్లు ఒక్కొక్కటే పోతుంటే జనం లోపలికి జరిగి కొత్త కాలనీ కట్టుకున్నారు. పాత ఊరి దగ్గర మొండి గోడలు, ఇసుకలో సగం కూరుకున్న మెట్లు మిగిలాయి.

ఆ ఒడ్డుని ఫొటోలు తీసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలల్లో వచ్చి గుడ్లు పెట్టేది కూడా ఆ తీరంలోనే కాబట్టి కెమెరాలకి కొదవలేదు. ఆ గోడల్ని చూసినప్పుడు నాకు మాత్రం గుడ్డ గుర్తొచ్చింది. ఊరంతా ముందు ముక్కలు అతికి పూర్తిగా కుట్టాలి, ఒక్క ఇల్లూ వదలకుండా. ఆ తర్వాత దాని మీద సముద్రాన్ని పరిచి, చేత్తో కుట్టాలి. అంటే నేల అతుకుపని, నీళ్లు అప్లిక్ (గుడ్డ మీద గుడ్డ పెట్టి కుట్టే పని). ఈ ఒక్క ఆలోచన మీదే బొంత మొత్తం నడిచింది.

బొంతని గోడకెక్కించడం నేను కనిపెట్టిందేం కాదు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం మంచాల మీద పరుచుకునే పాత అమెరికన్ క్విల్టుల్ని తీసి, పెయింటింగుల్లా గోడలకి తగిలించింది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్లు పొలానికి వేసుకెళ్లిన పాత ప్యాంట్లు, చొక్కాలు చింపి కుట్టిన బొంతలు 2002 నుంచి పెద్ద మ్యూజియాల్లో తిరిగాయి. ఆ బొంతల బొమ్మల్ని నేను ఎన్నిసార్లు చూశానో. వాటిలో గీతలు స్కేలు పెట్టి గీసినట్టుండవు. కాస్త ఒరుగుతాయి, ఒకచోట సన్నబడతాయి, ఆ ఒరగడంలోనే ప్రాణం ఉంటుంది. ఇక అప్లిక్‌కి నేను అంత దూరం చూడనక్కర్లేదు. పూరీ జిల్లాలో పిపిలి ఉంది. జగన్నాథుడి రథాల మీద కప్పే చందువా పని అక్కడిదే. జగన్నాథుడి రథం నందిఘోషకి ఎరుపు పసుపు, బలభద్రుడి తాళధ్వజానికి ఎరుపు ఆకుపచ్చ, సుభద్ర దర్పదళనానికి ఎరుపు నలుపు. చిన్నప్పట్నుంచి చూస్తున్న రంగులు. పిపిలి దుకాణాల్లో కూర్చుని కుట్టేవాళ్ల చేతుల్ని కావాలనే చాలాసేపు చూశాను. అంచుని ముందే మడిచిపెట్టుకుని, ఏనుగునో చిలకనో రాహువునో గుడ్డ మీద పెట్టి, కుట్టు కనపడీ కనపడకుండా లాగేస్తారు. ఆ వేగం నాకు రాదు. కానీ కుట్టు ఎక్కడ దాగాలో వాళ్లని చూస్తేనే తెలిసింది.

గుడ్డలన్నీ వాడినవే కావాలనుకున్నాను. మా అత్తయ్య పాత నేత చీరలు, మామయ్యగారి లుంగీలు, వంటింట్లో వాడి వాడి మెత్తబడ్డ తువ్వాళ్లు. పట్టు పెట్టలేదు. బరంపురం పట్టు అంటే నాకు ప్రాణమే, కానీ జాలరి ఇంటి గోడకి లుంగీ గళ్లే సరైన రంగు. అన్నింటినీ ముందు వేడినీళ్లలో నానబెట్టాను. ఎరుపు, ముదురు నీలం విడివిడిగా నానబెట్టి, పక్కన తెల్ల గుడ్డ పీలిక వేసి చూడాలి. పీలికకి రంగు అంటితే ఇంకా రెండు మూడు నీళ్లు మార్చాలి. రంగు దిగే గుడ్డని బొంతలో పెడితే మొదటి వాష్‌లోనే పక్క ముక్కలన్నీ పాడవుతాయి. ఇన్ని నెలల పనిని ఒక్క ఎర్ర పీలిక మీద పెట్టలేం.

పాత చీర గుడ్డతో ఇంకో చిక్కుంది. పడుగు పేక రెండూ వదులై, కత్తెర పెట్టగానే సాగిపోతుంది. దీనికి మందు మన వంటింట్లోనే ఉంది, గంజి. అన్నం వార్చిన గంజిని నీళ్లు కలిపి పలచన చేసి, గుడ్డ ముంచి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. సాగిపోయే మల్ గుడ్డ (పలచని మెత్తటి నూలు గుడ్డ) కూడా గీత తప్పకుండా తెగుతుంది. అయితే బొంత అయ్యాక ఆ గంజి మొత్తం పోయేలా ఉతికేయాలి. లేకపోతే పురుగు చేరుతుంది.

గీసుకున్న ప్లాను ఏమీ లేదు. ఒక గదిలో గోడకి పాత ఫ్లానెల్ దుప్పటి కొట్టాను. దాని మీద నూలు ముక్క పెడితే పిన్ను లేకుండానే అంటుకుని ఉంటుంది. ముక్కలు పెట్టడం, వెనక్కి నడిచి వెళ్లి గుమ్మంలోంచి చూడడం, మార్చడం. రంగుల సంగతి కన్ను పట్టుకుంటుంది కానీ వెలుతురు, చీకటి సంగతి పట్టుకోవడం కష్టం. ఫోన్లో నలుపు తెలుపులో ఫొటో తీస్తే వెంటనే తెలిసిపోతుంది. ఎంతో తేడాగా ఉన్నాయనుకున్న ఆకుపచ్చ, ఇటుక రంగు రెండూ ఆ ఫొటోలో ఒకే బూడిదగా కనిపించేవి. అలాంటి చోట ఇంటికీ వీధికీ మధ్య గీత ఉండదు, ఊరు ముద్దయిపోతుంది. అందుకని వీధులన్నింటికీ బాగా వెలిసిన గుడ్డ, దాదాపు తెలుపు, కేటాయించాను.

ఇళ్లు కుట్టడం నిజంగా ఆనందంగా గడిచిన కాలం. ఒక్కో ఇల్లు నాలుగైదు పట్టీలు. గోడ, తలుపు సందు, మళ్లీ గోడ, పైన కప్పు. స్కేలు వాడలేదు, కత్తెరతో కంటిచూపున కోయడమే. కానీ కుట్టు దగ్గర మాత్రం క్రమశిక్షణ తప్పదు. ఎక్కడైనా పావు అంగుళం వదిలి కుట్టాలి. మెషిన్ పళ్లెం మీద సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో మాస్కింగ్ టేపు అంటించుకుంటే గుడ్డ అంచుని దాని వెంట నడిపించవచ్చు. రెండు అంగుళాల పట్టీలు నాలుగు అతికితే ఎనిమిది రాదు, ఆరున్నరే వస్తుంది. ఒక్కో అతుకు అర అంగుళం మింగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇది లెక్కలో వేసుకుంటే చాలు, సగం టెన్షన్ పోతుంది. ప్రతి అతుకునీ కుట్టిన వెంటనే ఇస్త్రీ చేసి ముదురు రంగు వైపుకి పడుకోబెట్టాలి. పాత చీరలు పలచన కదా, లేతవైపు పడుకోబెడితే ముదురు అంచు పైకి నీడలా కనిపిస్తుంది.

ఇళ్లని వరసగా పెట్టలేదు. జాలరి పేటలో ఇల్లు ఇంకో ఇంటిని ఆనుకుని ఉంటుంది. గోడా గోడా కలిసిపోతాయి. మధ్యలో వల ఆరేసుకునే ఖాళీ ఒకటి ఉంటుంది. అతుకుపనిలో ఉన్న గుణం కూడా అదే. ఒక ముక్క అంచే పక్క ముక్క అంచు. ఒకదాన్ని కదిపితే పక్కదాని కొలత మారిపోతుంది. ఎవరికి వాళ్లు ఉండడం కుదరదు. అందుకే ఊరిని అతుకుపనిలోనే కుట్టాలని నా పట్టుదల. ఇళ్లని కత్తిరించి నేల మీద అంటిస్తే ఊరు అవదు.

ఊరు పూర్తయింది. గోడ మీద ఆ 60 అంగుళాలు నిండిపోయాయి. మా అత్తయ్య రోజూ వచ్చి చూసేవారు. తన చీర ఏ ఇంట్లో ఉందో వెతుక్కునేవారు. దాని మీద నేను నీలం గుడ్డ పరిచి పిన్నులు పెడుతున్నప్పుడు మాత్రం ఆవిడ ఆగిపోయారు.

"కుడివైపంతా కప్పేస్తావా? కప్పేసేదానికి అన్ని ఇళ్లు కుట్టడం దేనికమ్మా? ఆ జాగాలో మామూలు గుడ్డ వేసి ఉంటే పోయేది కదా?"

"అక్కడ ఇళ్లు ఉన్నాయి కదా అత్తయ్యా. పోయినవాటిని కుట్టకుండా ఎలా వదిలేస్తాను?"

ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు సన్నటి దారాలు వెతికి తెచ్చి నా పెట్టెలో పెట్టారు.

సముద్రానికి ఎంచుకున్నది లేత నీలం మల్ చీర. బాగా పలచన, కింద ఏముందో కనిపించేంత. అప్లిక్‌కి ఇంత పలచని గుడ్డ ఎవరూ సూచించరు. మడిచిన అంచు పైకి కనిపిస్తుందని, దారాలు ఊడిపోతాయని అంటారు. నాకు కావలసింది ఆ కనిపించడమే. కింద ఎర్ర గోడ ఉంటే పైన నీళ్లు కాస్త ఊదాగా మారతాయి. తలుపు సందులు నీడలా తెలుస్తాయి.

మొదట ఒకే పెద్ద గుడ్డగా పరిచాను. ఇంకా కుట్టలేదు, పిన్నుల మీదే ఉంది. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ పొదంపేట మనిషి. చాలా ఏళ్లుగా తెలుసు. అప్పా (అక్కా) అనే పిలుస్తాను. ఒకరోజు గంప గుమ్మం బయట దింపి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి చూసింది. నేనేమీ చెప్పకముందే, "ఇది మా ఊరేనేటమ్మా?" అంది. కాసేపు చూసి, "ఇలాగ ఒక్కపాలి రాలేదమ్మా సంద్రం. ఒక వరస తీసుకెల్లింది, ఆగింది. మళ్లీ ఇంకో వరస. ఆగినప్పుడల్లా ఇంక రాదనుకున్నాం" అంది.

పిన్నులన్నీ తీసేశాను. అదే చీరని మూడు ముక్కలుగా కోశాను. మొదటి ముక్క అన్నిటికంటే వెడల్పు, ఊరిలోకి అన్నిటికంటే లోపలికి వస్తుంది. దాని మీద రెండోది కాస్త వెనకగా, దాని మీద మూడోది ఇంకా వెనకగా. గుడ్డ ఒక్కటే, రంగు ఒక్కటే. కానీ రెండు పొరలు పడ్డచోట నీలం చిక్కబడింది, మూడు పడ్డచోట లోతైంది. ఇళ్లు కూడా మెట్లుమెట్లుగా మసకబారాయి. ఒడ్డు దగ్గరి ఇల్లు ఇంకా స్పష్టంగా ఉంది, చివరి వరస ఇళ్లు తెలిసీ తెలియనట్టున్నాయి. ఎన్ని రంగులు కలిపినా ఆ మెట్లు నాకు వచ్చేవి కావు. ఇది ఆవిడ మాటలోంచి వచ్చింది.

ఇక కుట్టడం. ఇది నిదానంగా చెప్తాను, ఎందుకంటే నేర్చుకోవాలనుకునేవాళ్లకి పనికొచ్చేది ఇదే. చాక్ పెన్సిల్‌తో అల అంచు గీత గీసుకోవాలి. ఆ గీతకి బయట పావు అంగుళం వదిలి కత్తిరించాలి. మామూలు గుడ్డ అయితే కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, మల్‌కి మాత్రం అంతటా ఒకే కొలత ఉండాలి. మడత లోపలి అంచు పైకి కనిపిస్తుంది కదా, అది ఎగుడుదిగుడుగా ఉంటే చిరిగినట్టు అనిపిస్తుంది. సమంగా ఉంటే అల వెంట నురగ గీతలా నిలబడుతుంది. ఆ నురగ కోసం నేను వేరే దారం గానీ లేసు గానీ వాడలేదు, మడతే నురగ.

గీతకి అర అంగుళం లోపలగా కచ్చా కుట్టు వేసి గుడ్డని నేలకి పట్టించాలి. తర్వాత అంచునంతా ముందే మడవకూడదు. ఎదురుగా ఉన్న ఒక అంగుళం మాత్రం సూది మొనతో లోపలికి తోసి, బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఆ అంగుళం కుట్టాక తర్వాతి అంగుళం. సూది మడత అంచులోంచి సరిగ్గా పైకి రావాలి. దానికి ఎదురుగానే కింద గుడ్డలోకి దిగాలి, ముందుకు జరిగి దిగకూడదు. జరగడమంతా అడుగునే, రెండు మిల్లీమీటర్లు జరిగి మళ్లీ మడతలోంచి పైకి. ఇలా అయితే కుట్టు చుక్కంత కూడా కనపడదు. దారం రంగు పై గుడ్డకి సరిపోవాలి, కింద గుడ్డకి కాదు. యాంకర్ ఎంబ్రాయిడరీ దారం లడిలో ఆరు పోగులుంటాయి. అందులో ఒక్క పోగు తీసి వాడాను. లేత నీలంలో ఎన్ని ఛాయలు కావాలంటే అన్ని దొరుకుతాయి.

అల ముందుకు ఉబ్బిన చోట కత్తెర పెట్టనక్కర్లేదు. మడత దానంతటదే సర్దుకుంటుంది. లోపలికి వంగిన చోట చిన్న చిన్న గాట్లు పెట్టాలి, గీత దాకా కాకుండా కాస్త ముందే ఆపాలి. మల్ గుడ్డ గాటు దగ్గర దారాలు వదిలేస్తుంది కాబట్టి అక్కడ మళ్లీ గంజి నీళ్లు వేలితో అద్ది, ఆరాక కుట్టాను. గాట్లు ఉన్నచోట కుట్లు ఇంకా దగ్గరగా పడాలి. మధ్యాహ్నం వంటపని అయ్యాక, కిటికీ దగ్గర వెలుతురున్నంత సేపే ఈ పని. దీపం వెలుగులో నీలం మీద నీలం దారం కనపడదు.

అప్లిక్ కుట్టాక, బొంత తిరగేసి పై గుడ్డ కింద ఉన్న నేలని కత్తిరించేయడం చాలామంది చేస్తారు. పొరలు తగ్గితే తర్వాత చేతికుట్టు సులువు అవుతుంది. నేను ఆ పని చేయలేదు. కింద ఇళ్లని కోసేస్తే ఇక ఏముంటుంది? మూడు పొరల నీళ్లు, దాని కింద అతుకుల ఊరు, అన్నీ అలాగే ఉన్నాయి. వేళ్లతో తడిమితే సముద్రం కింద గోడల అతుకులు తగులుతాయి. చేపల అప్ప మళ్లీ వచ్చినప్పుడు అలాగే తడిమి, "ఇది మా పెద్దమ్మోల్లిల్లు" అని ఒకదాన్ని చూపించింది. నేను ఏ ఇంటినీ గుర్తుపెట్టుకుని కుట్టలేదు. అయినా ఆవిడ చెప్పాక అది వాళ్ల పెద్దమ్మ ఇల్లే.

తాబేళ్లని పెట్టమని చాలామంది అడిగారు. తాబేలు బొమ్మ పెడితే చూపంతా దాని మీదకే పోతుంది, ఊరు వెనకబడుతుంది. అందుకని జాడలు మాత్రం పెట్టాను. ఆలివ్ రిడ్లీ ఇసుక మీద ఎక్కేటప్పుడు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, అందుకే దాని జాడ రెండువైపులా ఒకేచోట పడదు, ఎడమా కుడీ మారుతూ పడుతుంది. పచ్చ తాబేలుదైతే రెండు వైపులా జంటగా ఉంటుంది. ఎడమకొకటి కుడికొకటి పొట్టి కుట్లు, నీళ్ల అంచు నుంచి ఇసుక ఉన్న కింది మూల దాకా తీసుకెళ్లి తిప్పి వెనక్కి తెచ్చాను. చూసే కన్ను ఉన్నవాళ్లు పట్టుకుంటారు.

తర్వాత మూడు పొరలు కలపడం. అడుగున అస్తరు, మధ్యలో పలచని కాటన్ బ్యాటింగ్ (పరుచుకునే దూది పొర), పైన ఊరు. అస్తరు, బ్యాటింగ్ రెండూ అన్నివైపులా మూడు అంగుళాలు ఎక్కువ ఉండాలి. చేతికుట్టు గుడ్డని లోపలికి లాగుతుంది. నేల మీద అస్తరు బిగువుగా పరిచి టేపులు అంటించి, మధ్య నుంచి అంచులకి కచ్చా కుట్లు వేశాను. దూది ఏకి పరుచుకున్నా అవుతుంది, కానీ అప్పుడు కుట్లు చాలా దగ్గరగా పడాలి, లేకపోతే దూది ఒకచోట చేరిపోతుంది.

ఊరి భాగంలో చేతికుట్టు అమ్మమ్మ బొంతల్లో చూసిందే, వరసలు వరసలుగా నిలువు రన్నింగ్ కుట్టు. సముద్రం వైపు వచ్చేసరికి పొరలు ఎక్కువై సూది ఒక్కసారిలో ముంచి తేలదు. అక్కడ పైనుంచి గుచ్చి కిందికి లాగడం, కిందనుంచి గుచ్చి పైకి లాగడం, ఒక్కో కుట్టుకి రెండు లాగులు. లావు దారం, పెద్ద కుట్టు పెట్టాను. ఆ కుట్ల వరసలు సముద్రంలో ఎక్కడ నడవాలన్నది చాలా ఆలోచించి తేల్చుకున్నాను. పాత ఒడ్డు గీతలవెంట నడిపించాను. ఒకప్పుడు ఇసుక ఎక్కడిదాకా ఉండేదో, అక్కడ తెల్లదారంతో ఒక గీత. దానికి ఇవతల ఇంకొకటి. గీతలు జరగడం గంజాంకి కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఆ రోజున ఒడిశాలోకి వచ్చింది. మనుషులు కదల్లేదు, గీత కదిలింది. పొదంపేటలో గీతతోపాటు మనుషులు కూడా కదలాల్సి వచ్చింది.

అంచు దగ్గర నాకు రెండు పద్ధతులు పనికొచ్చాయి. పైన, కింద, ఎడమవైపు మామూలు బైండింగ్. రెండున్నర అంగుళాల పట్టీలు కోసి, నిలువునా మధ్యకి మడిచి, ముందువైపు మెషిన్‌తో, వెనకవైపు చేత్తో హెమ్మింగ్. ఇటుక రంగు లుంగీ అంచు దీనికి సరిగ్గా సరిపోయింది. కుడివైపు, అంటే సముద్రం వైపు, బైండింగ్ వద్దనుకున్నాను. ఆ వైపు పట్టీ వేస్తే నీళ్లకి చట్రం కట్టినట్టు ఉంటుంది. అక్కడ పట్టీని ముందువైపు కుట్టి మొత్తంగా వెనక్కి తిప్పేసి, అడుగున హెమ్మింగ్ చేశాను. ముందునుంచి చూస్తే పట్టీయే కనపడదు, నీళ్లు అంచుదాకా వచ్చి ఆగుతాయి. పట్టీని తిప్పేముందు మూలల దగ్గర బ్యాటింగ్‌ని కొంచెం కత్తిరిస్తే మందం తగ్గి మూల పదునుగా వస్తుంది.

వెనకాల పైభాగంలో కర్ర దూర్చడానికి నాలుగు అంగుళాల గొట్టం కుట్టాలి. గొట్టాన్ని చదునుగా కుట్టేస్తే కర్ర లావు ముందుకి ఉబ్బుతుంది. కొంచెం వదులు ఉంచి, వెనకవైపు గుడ్డ సడలి ఉండేలా కుడితే ముందు చదునుగా ఉంటుంది. చేత్తో కుట్టేటప్పుడు సూది అస్తరు, బ్యాటింగ్ దాకానే వెళ్లాలి, ముందుకి రాకూడదు. అన్నీ అయ్యాక చల్లటి నీళ్లలో నానబెట్టి గంజి పోగొట్టాను, పిండకుండా తువ్వాల్లో చుట్టి నీళ్లు తీసి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టాను. ఆరాక వెడల్పు 60 నుంచి 58కి వచ్చింది. అస్తరు మూల మీద పేరు, ఊరు, సంవత్సరం తెలుగులో కుట్టాను. ఇప్పుడది మా ముందు గదిలో, ఎండ తగలని గోడ మీద ఉంది. చేపల అప్ప వాళ్ల కొత్త కాలనీలో పిల్లలకి చూపించాలని అడిగింది. వానలు తగ్గాక తీసుకెళ్తాం.